గిద్దె, సోల, తవ్వ, మానిక

మా అత్త పోయింది.

నాగ్‌పూర్ దవాఖానలో ఉన్న ఆమెకు మార్చుకోవడానికి చీరలు తీసుకుపోదామని నేను ముందు రోజు సాయంత్రమే చంద్రపూర్ వచ్చాను. పొద్దున్నే అక్కడి తుకుం బస్తీలో మా వంటింట్లో జొన్న జావ కాస్తున్నాను. ముక్కులో వేసిన గొట్టంలోంచి దిగేటంత పలచగా కాయాలి. అప్పుడు మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందే" అన్నాడు. "ఎటు పోయింది?" అని అడిగాను. నిజంగానే అట్లా అడిగాను. అవతల ఆయన వెక్కి వెక్కి ఏడుస్తున్నా నా బుర్రకు ఎక్కలేదు. జావ అడుగంటి మాడిన వాసనకు పక్కింటి మరాఠీ ఆవిడ పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. నా చేతిలో గరిటె తీసుకొని నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టింది.

మంచి మనిషి, చాలా కష్టపడ్డది, కోడల్ని కూతురి లెక్క చూసుకుంది. దినాల దగ్గర చుట్టాలందరూ ఈ మూడు మాటలే తిప్పి తిప్పి అన్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. అబద్ధమని కాదు, ఆ మాటలు ఎవరి అత్తకైనా అతుకుతాయి. నాకు తెలిసిన మనిషి వేరు. ఆమె గురించి రాయాలంటే ముందు నా గురించి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు. నాకు కోపం ఎక్కువ, నోరు దురుసు. చదివేవాళ్ళు కాస్త ఓర్చుకోండి.

నాకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనే మనోవ్యాధి ఉంది. పేరు పొడుగే గానీ సంగతి ఇంతే. ఇష్టమైన మనిషి చెప్పులు వేసుకొని బయటికి నడిస్తే, ఇక తిరిగి రాడని నా ప్రాణం కొట్టుకుంటుంది. ఆ భయంతో ఆ మనిషినే నానా మాటలు అంటాను. అన్నాక నా మీద నాకే అసహ్యం పుడుతుంది. ఆ తర్వాత లోపల ఏమీ ఉండదు, ఏడుపు కూడా రాదు. ఆ ఖాళీలో నా ఒంటికి నేనే హాని చేసుకున్న రోజులున్నాయి. అంతకు మించి దాని గురించి రాయను.

నేను బెల్లంపల్లి పిల్లను. తెలుగులో డిగ్రీ చదివాను. మా మామ కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల పనికని ఇటు వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టి, ఇక్కడే పోయాడు. మా ఆయన సాస్తి గనిలో డంపర్ నడుపుతాడు. ఆయన చదువంతా మరాఠీలోనే. నేను పెళ్ళయి వచ్చేసరికి నాకు మరాఠీ వింటే సగం అర్థమయ్యేది గానీ నోరు తిరిగేది కాదు. అందుకని మనసు డాక్టరు దగ్గరికి పోవాల్సి వచ్చినప్పుడు మా అత్త నా వెంట బయల్దేరింది. నల్ల గొడుగు, పర్సు, కొంగున ఖర్రా పొట్లం. సుపారీ, తంబాకు, సున్నం కలిపి రుద్దిన ఆ ఖర్రా బుగ్గన లేకుండా ఆమెను నేను చూసింది తక్కువ.

ఆ దవాఖానలో మేడం ఒకావిడ ఉండేది. మాటలతో వైద్యం చేసే మనిషి. పోయిన ప్రతిసారీ ముందు ఒక కాగితం తీసి ప్రశ్నలు అడిగేది. గడిచిన వారంలో లోపల ఖాళీగా అనిపించిందా? ఎవరైనా వదిలేసిపోతారని భయం వేసిందా? కోపం చేయి దాటిందా? బతకడం దండగ అనిపించిందా? అసలు లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే చివరి అంకె. మందు పనిచేస్తోందా, మాటలు పనిచేస్తున్నాయా అన్నది రోగి చెప్పే ఈ జవాబుల్ని బట్టే చూస్తామని మొదటి రోజే చెప్పింది. రక్తం తీసి చూసేందుకు ఈ జబ్బు రక్తంలో ఉండదట. ఉన్నదల్లా నా నోటి మాటే.

ఆ మాట మా అత్త నోట్లోంచి పోవాలి. మేడం మరాఠీలో అడుగుతుంది, మా అత్త తెలుగు చేస్తుంది, నేను చెప్తాను, ఆమె మళ్ళీ మరాఠీ చేస్తుంది. మా వాళ్ళలో ఒక అలవాటుంది. దవాఖానకు పోతే వెంట వచ్చిన పెద్దవాళ్ళే మాట్లాడతారు. కోడలు నోరు విప్పితే "పెద్దమనిషి ఉండంగ నీకెందుకే" అంటారు. ఇంకో అలవాటు కూడా ఉంది. ఎవరు ఎట్లున్నావని అడిగినా, ప్రాణం మీదికొచ్చినా సరే, "మంచిగనే ఉన్న" అనాలి. ఈ రెండు అలవాట్లూ నా విషయంలో ఒక్కచోట చేరాయి.

నేను తల వంచుకొని, "సచ్చిపోవాలనిపిస్తున్నది అత్తమ్మా. పొద్దుమూకులు గదే అనిపిస్తున్నది" అన్నాను ఒకసారి.

మా అత్త బుగ్గన ఉన్న ఖర్రాను ఇటు నుంచి అటు తిప్పి, మేడం వైపు చూసి నవ్వింది. "ఠీక్ ఆహే మేడం. థోడం టెన్షన్ ఘేతే, బస్." బాగానే ఉంది, కాస్త టెన్షన్ పడుతుంది అంతే అని.

నాకు ఆ ముక్క అర్థమైంది. అయినా ఏమంటాను? బయటికొచ్చాక ఆమె నా చేయి పట్టుకొని, "గట్లాంటి మాటలు పైవాళ్ళ ముందల అనద్దు బిడ్డా. పిచ్చిదని రాసుకుంటరు. రేపు నీ మొగని నౌకరిల అడిగితే ఏం జెప్పాలె?" అంది. ఆమె దృష్టిలో అది నన్ను కాపాడటమే. అట్లా కొన్ని నెలలు నడిచింది. కాగితం మీద నా అంకెలు తగ్గుతూ వచ్చాయి. మేడం సంతోషపడి, వారం వారం రావాల్సిన పని లేదు, నెలకోసారి చాలు అంది.

ఆ నెల తిరగకముందే నన్ను ఎత్తుకొని అదే దవాఖానకు తెచ్చారు. బతికాను. కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన మేడం ఉంది, మా అత్త ఉంది. మేడం చేతిలో నా పాత కాగితాలున్నాయి. మా అత్తను ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. "ఆజీ, మీరు చూసింది నాకు వేరే చెప్పండి, అదీ కావాలి. కానీ ఈ కాగితం మీద ఉండాల్సింది ఆమె మాట. అది మారితే నేను గుడ్డిదాన్ని అయినట్టే" అంది మరాఠీలో. మా అత్త గోడ వైపు తిరిగి గుండెలు బాదుకుంది. "నేనే సంపిన పో. నా నోరు వడిపోను" అని ఏడ్చింది. ఆ రోజు ఖర్రా పొట్లం కిటికీలోంచి విసిరేసింది. రెండు రోజులకు మళ్ళీ కొనుక్కుందనుకోండి, అది వేరే సంగతి.

అప్పటి నుంచి ఆమె మారిన తీరు చూస్తే మీకు నవ్వొస్తుంది. నేను ఏమంటే అదే, ఒక్క ముక్క తగ్గకుండా మేడంకు చెప్పేది. ఒకసారి పట్టరాని కోపంలో ఉండి, "ఈ అత్తను చూస్తే నాకు అసహ్యం. ఈమె మెత్తగ మాట్లాడుతుంటె గొంతు పిసకాలనిపిస్తున్నది" అన్నాను. ఆమెను బాధపెట్టాలనే అన్నాను. మా అత్త గొడుగు ఒళ్ళో పెట్టుకొని, నిటారుగా కూర్చొని, పాఠం అప్పజెప్పినట్టు, "తిలా మాఝా ఖూప్ రాగ్ యేతో, మేడం" అంది. ఆమెకు నా మీద చాలా కోపం వస్తుంది మేడం అని. తర్వాత గొంతు పిసికే ముక్క కూడా వదలకుండా చెప్పి, చేత్తో చూపించింది కూడా. మేడంకు నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు. మా అత్త మాత్రం నవ్వలేదు. "ఏమన్నదో గదే జెప్పిన. నాకు నవ్వులాట గాదు" అంది.

ఇంక డాక్టరు ఎవరైనా పొరపాటున ఆమెనే "కశీ ఆహే తీ?" అంటే, కోడలు ఎట్లుందని అడిగితే, అయిపోయారన్నమాటే. "నన్నెందుకు అడుగుతున్నరు సార్? అది మీ ముందలనే కూసున్నది, దాన్నడుగుండ్రి" అని తెలుగులోనే కసిరేది. ఆయనకు తెలుగు రాదని గుర్తొచ్చి మళ్ళీ మరాఠీలో కసిరేది.

అయితే నాకు ఆ అంకెలు ఒంటబట్టలేదు. మూడంటే ఎంత? దేనిలో మూడు? నిన్నటి రెండుకూ ఇవాళ్టి మూడుకూ తేడా ఎక్కడ తెలుస్తుంది? మేడం ఎంత ఓపికగా చెప్పినా నేను నోటికొచ్చిన అంకె ఒకటి పడేసేదాన్ని. ఒక పొద్దున మా అత్త బియ్యం డబ్బా ముందు కూర్చొని ఉంది. మా ఇంట్లో ఇప్పటికీ పాత ఇనుప కొలతలే. అన్నిటికంటే చిన్నది గిద్దె. నాలుగు గిద్దెలైతే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక. మామ ఊరి నుంచి తెచ్చిన సామానులో మిగిలినవి అవే. ఆమె సోలతో బియ్యం ముంచి, అరచేత్తో పైన చదును చేస్తూ, నా మొహం చూడకుండానే అడిగింది.

"ఇయ్యాల ఎంతున్నదే?"

"ఏంది?"

"అదే. నీ లోపలిది. గిద్దెడా? సోలెడా?"

నేను ఆ డబ్బాలోకి చూశాను. ఎందుకో నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "తవ్వెడు."

"కుప్ప వోసినా, చదునుగనా?"

"కుప్ప వోసే."

ఆమె తల ఊపింది. అంతే. అయ్యో అనలేదు, దేవుడికి మొక్కుకో అనలేదు, మనసు దిటవు చేసుకో అనలేదు. బియ్యం కడిగి ఎసట్లో పోసింది. ఆ మధ్యాహ్నం మాత్రం నా పక్కనే పీట వేసుకొని కూర్చొని మెంతికూర తుంచింది. తుంచడానికి అంత సేపు పట్టే కూర కాదది.

మేడం దగ్గర ఈ సంగతి చెప్పడానికి నేను సిగ్గుపడ్డాను. మా అత్త చెప్పేసింది. మేడం పెన్ను పక్కన పెట్టి, ఒక్కో కొలతా ఎంతుంటుందో చేతులతో చూపించమంది. గిద్దెకు మా అత్త బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఇంతేనంది. సోలకు ఒక దోసిలి పట్టింది. మానికకు రెండు చేతులూ పొట్ట ముందు గుండ్రంగా చాపింది, చంకన బిడ్డను ఎత్తుకోబోయే ముందు చాపినట్టు. ఏ కొలతకు ఏ అంకో మేడం తన డైరీలో రాసుకుంది. ఆ తర్వాత నేను తలుపు తీసుకొని లోపలికి అడుగుపెట్టగానే, "సోలా? తవ్వా?" అని తన మరాఠీ యాసలో అడిగేది. ఆ గదిలో నేను మనిషిలా ఉండగలిగానంటే వాళ్ళిద్దరి వల్లే.

ఇంకో ప్రశ్న కూడా ఆ గదిలోనే పుట్టింది. మీ ఇంట్లోవాళ్ళు సరే, నీకు ఏది జరిగితే బాగైనట్టు అనిపిస్తుందని మేడం అడిగింది. నేను బాగున్నానా లేదా అనేదానికి అప్పటిదాకా ఎవరి కొలత వాళ్ళదే. మా ఆయన పగలని పళ్ళాలు చూసుకునేవాడు. గల్లీవాళ్ళు మా ఇంట్లోంచి వచ్చే అరుపులు వినేవాళ్ళు. నేను చాలా సేపు ఆలోచించి చెప్పాను. "ఆయన డ్యూటీకి పోయినంక, వస్తడో రాడో అని మతి పోకుంట, ఒక్కదాన్నే కూసొని కడుపు నిండ అన్నం తినాలె." మా అత్త ఆ మాటను మరాఠీ చేస్తూ మధ్యలో ఆగిపోయింది. కొంగుతో ముక్కు తుడుచుకొని పూర్తి చేసింది. మేడం ఆ ప్రశ్నను కాగితం అడుగున తన చేత్తో రాసింది. ఇది నీ ప్రశ్న అంది.

ఆ ప్రశ్న కోసమని మా అత్త అప్పుడప్పుడూ కావాలని మధ్యాహ్నం ఇంట్లోంచి పోయేది. విసాపూర్‌లో ఆమె చెల్లెలుండేది, అక్కడికి బస్సెక్కేది. పోయే ముందు "మళ్ళొస్తనే" అని మూడుసార్లు చెప్పేది. తిరిగొచ్చి గొడుగు మూలన పెట్టకముందే, "తిన్నవా?" అనేది. తినలేదంటే తిట్టేది కాదు. "సరే, రేపు జూద్దం" అని ఇద్దరికీ పెట్టేది. నేను గిద్దెడే అని అబద్ధం చెప్పిన రోజులూ ఉన్నాయి. చల్లారిపోయిన నా చాయ గ్లాసు వైపు ఓసారి చూసి, "నీ మాటనే నీది. మాపటికి మల్ల అడుగుత" అనేది. సాయంత్రం తప్పకుండా అడిగేది. ఇల్లు చప్పుడు చేయట్లేదని మా ఆయన సంబరపడితే ఆయనకు కూడా చెప్పేది. "ఇల్లు నిమ్మలముంటె అది నిమ్మలమున్నట్టు గాదురా. గోడలను అడుగకు, దాన్నడుగు." ఆయన సరే అని తల ఊపి ఫోన్ చూసుకునేవాడు.

ఇక ఆమె సంగతి. ఇక్కడికొచ్చేసరికి నాకు చేయి ఆడటం లేదు, కోపమొస్తోంది.

పచ్చడిలో కారం తగ్గించడం మొదలుపెట్టింది. "వయసయింది, పడ్తలేదు" అంది. రొట్టె చాయలో ముంచుకొని తినేది. "పన్ను నొస్తున్నది, గంతే." నోరు పూర్తిగా తెరిచేది కాదు. మా ఆయన అడిగినా, చెల్లెలు అడిగినా, నేను అడిగినా ఒకటే మాట. "మంచిగనే ఉన్న." నాకు పొద్దున ఒకసారి, మాపున ఒకసారి కొలత అడిగిన మనిషి, తన నోట్లో పుండు బుగ్గను తినేస్తుంటే మంచిగనే ఉన్న అంది! పక్కింటి ఆవిడ బలవంతాన టార్చి వేసి చూసి కెవ్వున అరిచిన రోజు దాకా అంతే. నాగ్‌పూర్ తీసుకుపోయాం. అక్కడి డాక్టరు మా ఆయన భుజం మీద చేయి వేసి బయటికి తీసుకుపోయాడు. అప్పుడే నాకు అర్థమైంది.

వార్డులో ఆమెకు మాట పోయింది. బుగ్గకు కట్టు, ముక్కులో గొట్టం. పొద్దున డాక్టరు వచ్చి నొప్పి ఎట్లా ఉందని మా ఆయనను అడిగేవాడు. ఆయన తల్లి వైపు చూసేవాడు. ఆమె పర్లేదన్నట్టు చేయి ఊపేది. "ఠీక్ ఆహే" అనేవాడు ఈయన. డాక్టరు పక్క మంచానికి పోయేవాడు. ఇది నేను చూస్తూ నిలబడ్డాను. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి నా వల్ల కాలేదు. డాక్టరు ఇంకా మంచం పక్కన ఉండగానే నేను ముందుకొచ్చి ఆమె మొహం మీదికి వంగాను.

"అత్తమ్మా, ఇయ్యాల ఎంతున్నది?"

ఆమె నా వైపు చూసింది. మెల్లగా చేయి లేపి, బొటనవేలూ చూపుడువేలూ కలిపింది. గిద్దె.

"లబద్ధమాడకు!" అని అరిచాను. వార్డంతా మా వైపు తిరిగింది. నర్సు వచ్చి నన్ను పక్కకు లాగబోయింది. మా ఆయన "ఏందే ఇది, ఈడ సుత నీ లొల్లి" అన్నాడు. నేను వినలేదు. "నన్ను దినాం అడిగినవ్ గదా. నేను జెప్పలేదా? సిగ్గిడిసి నీకే జెప్పలేదా? నీదెందుకు దాస్తున్నవ్? నన్నిడిసి ముంగటనే పోదామనుకుంటున్నవా?" ఏడుస్తూ అరిచాను.

ఆమె కళ్ళ పక్క నుంచి నీళ్ళు కారి కట్టులోకి దిగాయి. కాసేపటికి రెండు చేతులూ దుప్పటి మీదికి తెచ్చింది. పొట్ట ముందు గుండ్రంగా చాపింది. మానిక. అట్లాగే ఉంచింది, దించలేదు. నేను ఆ చేతుల మధ్య తల పెట్టాను. డాక్టరుకు ఆ సైగ అర్థం కాలేదు గానీ మా మొహాలు అర్థమయ్యాయి. ఆ పూటే నొప్పి మందు మార్చాడు. ఆ తర్వాత ఆమె పళ్ళు బిగబట్టకుండా నిద్రపోయింది. ఉన్న కొద్ది రోజులూ ఆ మాత్రం నిద్ర దొరికింది. నేను చీరల కోసం బయల్దేరినప్పుడు కూడా నిద్రలోనే ఉంది. మళ్ళొస్తనే అని నేను చెప్పాను గానీ ఆమె విననేలేదు.

దినాలు జరిగాయి. పిట్టకు పిండం పెట్టిన రోజు విసాపూర్ చెల్లెలు, రాజురా చుట్టాలు అందరూ వచ్చారు. అందరి కళ్ళూ నా మీదే. ఇది ఇప్పుడు ఏం లొల్లి చేస్తుందో అని. నేను ఏమీ చేయలేదు. చాయలు అందించాను, విస్తళ్ళు ఎత్తాను. "బిడ్డ మారింది. మస్తు నిమ్మలమైంది" అని ఆ విసాపూర్ చిన్నత్త అందరికీ చెప్పింది. మా ఆయన మొహంలో కూడా ఒక రకమైన ఊరట చూశాను. ఎవరికీ తెలియదు, నా లోపల ఏడుపు కూడా మిగల్లేదని. తిట్టడానికి మనిషి ఉంటేనే నాకు కోపమొస్తుంది. ఎవరి మీద అరవాలి? రాదేమోనని నేను జీవితమంతా భయపడిన మనిషి నిజంగానే రాకుండా పోయింది. ఆయన డ్యూటీకి పోతాడు. నేను పళ్ళెం ముందు కూర్చుంటాను. ముద్ద గొంతు దిగదు. తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు. బతకాలని లేదని ఇక్కడ రాస్తే చదివేవాళ్ళు భయపడతారు, రాయకపోతే నేనూ "ఠీక్ ఆహే" అన్నట్టే.

పోయిన వారం మా ఆయన సెలవు పెట్టి నన్ను దవాఖానకు తీసుకుపోయాడు. మా పాత మేడం బదిలీ అయిపోయింది. ఆ కుర్చీలో చిన్న వయసు కొత్త మేడం. కాగితం అదే. ఆమె మా ఆయన వైపు తిరిగి "కశీ ఆహే తీ?" అంది.

"చాంగ్లీ ఆహే మేడం" అన్నాడు ఆయన. బాగుందట. "భాండణ్ నాహీ, కాహీ నాహీ." గొడవ లేదు, ఏం లేదు.

ఆయన అబద్ధమాడలేదు పాపం. ఆయన చూసింది చెప్పాడు. కొత్త మేడం పెన్ను కాగితం మీద ఆనించింది. ఇంకో క్షణమైతే సున్నాలు పడతాయి. నెల తర్వాత రమ్మంటారు. ఆ నెల నేను దాటలేనని నాకు తెలుసు. పక్కన గొడుగు ఒళ్ళో పెట్టుకొని నిటారుగా కూర్చునే మనిషి కోసం తల తిప్పాను. ఆ కుర్చీలో మా ఆయన హెల్మెట్ ఉంది.

"నన్నడుగుండ్రి మేడం" అన్నాను తెలుగులో. ఆమెకు అర్థం కాలేదు. నా మరాఠీ ఎంత వంకరగా ఉంటుందో నాకు తెలుసు, అయినా నోరు తెరిచాను. "మలా విచారా. మానిక ఆహే."

"మానిక మ్హణ్‌జే?" అంటే ఏమిటని ఆమె మా ఆయనను అడిగింది. ఆయన నా వైపు చూశాడు. ఆయనకు తెలియదు. ఇన్నేళ్ళు ఆ మాట ఇంట్లో రోజూ విన్నాడు, తెలియదు. నేను రెండు చేతులూ పొట్ట ముందు గుండ్రంగా చాపాను. మా ఆయన మొహం పాలిపోయింది. ఆ చేతులు ఆయన నాగ్‌పూర్‌లో చూశాడు.

కొత్త మేడం పెన్ను పక్కన పెట్టింది. కుర్చీ నా వైపు జరుపుకొని, మొదటి ప్రశ్న నుంచి అన్నీ నన్నే అడిగింది. అర్థం కానిచోట మళ్ళీ అడిగింది. బతకడం గురించిన ప్రశ్న దగ్గర నేను చివరి అంకె చెప్తుంటే మా ఆయన తల వంచుకొని విన్నాడు. అడుగున పాత మేడం రాతతో ఉన్న నా ప్రశ్నను కూడా ఆమె వదల్లేదు. తినలేదని చెప్పాను. రెండు రోజులకోసారి రమ్మంది. నన్ను ఒంటరిగా వదలొద్దని ఆయనకు చెప్పింది. ఎప్పుడైనా చేయమని తన ఫోన్ నంబరు రాసిచ్చింది. దీంతో నా బాధ తగ్గలేదు. ఇవాళ కూడా తగ్గలేదు.

ఇంటికి రాగానే ఆయన షూ కూడా విప్పకుండా వంటింట్లోకి పోయాడు. గూట్లోంచి నాలుగు కొలతలూ దించి నేల మీద వరసగా పెట్టి, వాటి ముందు కూలబడ్డాడు.

"గీండ్లల్ల మానిక ఏదే?"

చూపించాను. బియ్యం డబ్బా మూత తీసి దాన్ని లోపలికంటా ముంచాడు. మా అత్తలా పైన చదును చేయడం ఆయనకు రాదు. కుప్పగా, కారిపోతున్నట్టే పైకి లేపి, రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. బరువు చూస్తున్నట్టు అట్లాగే కూర్చున్నాడు.

"గింతనా?" అన్నాడు. "దినాం గింతనా?"

నేను అవునన్నాను. బియ్యం ఆయన వేళ్ళ సందుల్లోంచి నేల మీదికి రాలుతున్నాయి. ఆయన దించలేదు.